నొప్పి ఒకచోట, రోగం ఇంకోచోట: బృహద్ధమని కథలు

సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నవాళ్ళందరికీ అనుభవంలో ఉన్న సంగతే. ప్రోగ్రాము కూలిపోయినప్పుడు తెర మీద కనబడే ఎర్ర అక్షరాలు ఎక్కడ కూలిందో చెబుతాయి గానీ ఎందుకు కూలిందో చెప్పవు. లోపం ఇంకెక్కడో, ఎవరూ తెరిచి చూడని ఫైల్లో, ఎప్పుడో రాసిన నాలుగు లైన్లలో దాక్కుని ఉంటుంది. ఏడుపు మాత్రం చిట్టచివర ఉన్న అమాయకపు ఫంక్షను దగ్గర్నించి వినబడుతుంది. కొత్తగా చేరినవాడు ఆ ఏడ్చేదాన్నే పట్టుకుని దిద్దుతాడు. అనుభవం ఉన్నవాడు "అసలు దీని దాకా ఈ చెత్త ఎక్కణ్ణించి వచ్చింది?" అంటూ వెనక్కి నడుస్తాడు.

మనిషి ఒంట్లో కూడా అచ్చం ఇలాంటి భాగం ఒకటుంది. దాని పేరు బృహద్ధమని, ఇంగ్లీషులో అయోర్టా. దీనికి జబ్బు చేస్తే ఇది నోరు విప్పదు. పక్కవాళ్ళ చేత చెప్పిస్తుంది. ఒకరికి కడుపునొప్పి, ఒకరికి పక్షవాతం, ఒకరికి గొంతు బొంగురు, ఒకరికి చూపు మందగించడం. ఈ తప్పుడు చిరునామాల చరిత్ర చదువుతుంటే డిటెక్టివు నవలలా సాగింది. కాకపోతే ఇందులో చనిపోయినవాళ్ళంతా నిజం మనుషులు.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగు చదివి కంప్యూటరు ముందు కూర్చునే బాపతు. కాబట్టి ఈ టపా వైద్య సలహా కాదు, వైద్య చరిత్ర. కానీ చివరికొచ్చేసరికి ఈ చరిత్ర మన ఇంటి గడప దాకా వస్తుంది.

గొట్టం కథ

అయోర్టా అంటే గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్ళే మెయిన్ లైను. గుండె ఎడమవైపు కింది గదిలోంచి పుట్టి, కాస్త పైకెళ్ళి, చేతికర్ర పిడిలా వంపు తిరిగి, వెన్నెముకని ఆనుకుని కిందకి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలై కాళ్ళలోకి పోతుంది. దారి పొడుగునా కొమ్మలే. మొట్టమొదటి కొమ్మలు స్వయంగా గుండెకే. తరవాతవి మెదడుకీ చేతులకీ. ఇంకా కిందకి దిగితే వెన్నుపాముకి, కాలేయానికి, పేగులకి, మూత్రపిండాలకి.

దీని గోడకి మూడు పొరలుంటాయి. ప్రాణం తీసే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి, గోడ బలహీనపడి పాత సైకిలు ట్యూబులా ఒకచోట ఉబ్బడం. దీన్ని అన్యూరిజం అంటారు. ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగి ఒకరోజు పగలొచ్చు. రెండోది, లోపలి పొర చిట్లి, రక్తం పొరల మధ్యకి దూరి, గోడని నిలువునా విడదీసుకుంటూ పోవడం. దీని పేరు డిసెక్షన్. గుండె దగ్గరి భాగంలో ఇది జరిగి ఆపరేషను అందకపోతే, మొదటి రెండు రోజుల్లో గంట గంటకీ నూటికి ఒకరిద్దరు చొప్పున చనిపోతారని డాక్టర్లు చాలాకాలంగా చెప్పుకునే లెక్క.

ఇక లక్షణాలు ఎందుకు ఇన్ని వేషాలు వేస్తాయో అర్థం కావాలంటే ఒక అపార్టుమెంటుని ఊహించుకోండి. పైన ట్యాంకు, దాన్నుంచి కిందకి మెయిన్ పైపు, ప్రతి అంతస్తుకీ ఒక కొమ్మ. మెయిన్ పైపు లోపల పొర ఊడి మూడో అంతస్తు కొమ్మకి అడ్డం పడిందనుకోండి. మూడో అంతస్తువాళ్ళు ఏం చేస్తారు? తమ కుళాయి పాడైందనుకుని ప్లంబర్ని పిలుస్తారు. అతనొచ్చి కుళాయి మారుస్తాడు. నీళ్ళు రావు. ఈలోగా మెయిన్ పైపు చిట్లుతూనే ఉంటుంది. అయోర్టా చీలిక మెదడు కొమ్మ దాకా పాకితే పక్షవాతం, గుండె కొమ్మని మూస్తే గుండెపోటు, పేగుల కొమ్మని మూస్తే కడుపునొప్పి, వెన్నుపాము కొమ్మని మూస్తే కాళ్ళు పడిపోవడం. రోగం ఒకటే, ఫిర్యాదులు మాత్రం ఎన్నో అంతస్తుల నుంచి.

మరుగుదొడ్లో పడిపోయిన రాజు

1760 అక్టోబరు 25, లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్. ఇంగ్లండు రాజు రెండో జార్జికి అప్పటికి 76 ఏళ్ళు. (మన బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లో అక్కడ గద్దె మీద ఉన్నది ఈయనే.) పొద్దున ఆరింటికి మామూలుగానే లేచాడు, మామూలుగానే కప్పు చాక్లెట్ తాగాడు. ఏడు దాటాక మరుగుదొడ్డికి వెళ్ళాడు. కాసేపటికి దబ్బున ఏదో పడిన చప్పుడు విని నౌకరు పరిగెత్తాడు. రాజుగారు నేల మీద ఉన్నారు, పడేటప్పుడు తగిలిన దెబ్బతో మొహం మీద గాయం. అంతే, పోయారు.

చూసినవాళ్ళకి కనబడింది ఇంతే. పెద్దాయన, మరుగుదొడ్లో పడిపోయాడు, మొహం మీద దెబ్బ. ఇంకెవరైనా అయితే వయసైపోయిందని ఒక మాట అనుకుని ఊరుకునేవారు. పోయింది రాజు కాబట్టి మర్నాడు ఆయన వైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ శవపరీక్ష చేశాడు. గుండె చుట్టూ ఉండే సంచి తెరిస్తే అందులో సుమారు అరలీటరు గడ్డకట్టిన రక్తం. అయోర్టా మొదట్లో, లోపలివైపు, ఒకటిన్నర అంగుళాల అడ్డ చీలిక. రక్తం ఆ చీలికలోంచి పొరల మధ్యకి దూరిన ఆనవాలు. కొన్నేళ్ళుగా రాజుగారు గుండె దగ్గర బాధగా, కుంగిపోతున్నట్టుగా ఉందని అంటుండేవారని కూడా నికోల్స్ రాశాడు. లోపలి పొర చిట్లినా బయటి పొర నిలబడగలదని, రక్తం ఆ రెంటి మధ్యా చేరుతుందని ఆయన ఊహించాడు. దీన్నంతా ఒక లేఖగా రాస్తే రాయల్ సొసైటీ పత్రికలో 1761లో అచ్చయింది. అయోర్టా చీలికకి సంబంధించి ఇంత వివరంగా రాసిన తొలి రికార్డుల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. అదే 1761లో ఇటలీలోని పాడువాలో మోర్గాన్యి అనే 79 ఏళ్ళ ప్రొఫెసరు తన జీవితకాలపు శవపరీక్షలన్నీ కలిపి పెద్ద పుస్తకం వేశాడు. సుమారు 700 కేసులు. ఆ పుస్తకం పేరుకి అర్థం "రోగాల స్థానాలూ కారణాలూ" అని. స్థానాలు! అప్పటిదాకా రోగమంటే ఒళ్ళంతా నిండిన ఏదో దోషం. వాతం, పిత్తం, కఫం అని మనవాళ్ళు అనుకున్నట్టే అక్కడా నాలుగు రసాల లెక్క ఒకటుండేది. రోగానికి ఒంట్లో ఒక చిరునామా ఉంటుందని, బతికున్నప్పుడు పడిన బాధనీ చచ్చాక కనబడిన మార్పునీ పక్కపక్కన పెట్టి చూడాలని మోర్గాన్యి పట్టుబట్టాడు. లాగ్ ఫైలునీ కోడునీ పక్కపక్కన తెరిచి చూడటం లాంటిదే ఇది. అయోర్టా విషయంలో ఇదే అసలు మలుపు. ఎందుకంటే పైనుంచి ఎంత చూసినా ఇది దొరకదు.

స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లెనెక్ 1819 నాటి తన పుస్తకంలో ఈ జబ్బుకి వాడిన "డిసెక్టింగ్ అన్యూరిజం" అన్న పేరు తరవాత స్థిరపడిపోయింది. పేరైతే దొరికింది గానీ, ఆ తరవాత కూడా చాలాకాలం దీన్ని గుర్తించింది ఎక్కువగా శవాల బల్ల మీదే.

తల ఊపిన కవి, కళ్ళల్లో దొరికిన జబ్బు

అందరికీ ఇంత హఠాత్తుగా జరగదు. కొందరికి ఏళ్ళ తరబడి వింత సంకేతాలు వస్తాయి. ఫ్రెంచి కవి అల్ఫ్రెడ్ ద మ్యుసే సంగతే చూడండి. 1842లో ఒకరోజు ఆయన తల చిన్నగా, లయగా ఊగుతోందని తల్లీ, అన్న పాల్ గమనించారు. ఆయనకి ఆ ఊగడం తెలియనే తెలియదు. అడిగితే వేళ్ళతో మెడ నొక్కి పట్టుకున్నాడు. తల ఊగడం ఆగింది. చూశారా, పైసా ఖర్చులేని వైద్యం అన్నట్టు నవ్వేశాడట. అన్న రాసిన జీవితచరిత్ర వల్ల ఈ ముచ్చట మనకి మిగిలింది.

అసలు జరిగిందేమిటంటే, గుండెకీ అయోర్టాకీ మధ్య ఉండే కవాటం సరిగా మూసుకోవడం లేదు. ప్రతి దెబ్బకీ అయోర్టాలోకి వెళ్ళిన రక్తంలో కొంత వెనక్కి వచ్చేస్తోంది. దాన్ని భర్తీ చెయ్యడానికి గుండె మరింత గట్టిగా తంతుంది. ఆ తన్నుకి తల ఊగుతుంది. మ్యుసే 1857లో, 46 ఏళ్ళకే చనిపోయాడు. 1900లో దెల్‌ప్యో అనే డాక్టరు ఈ లక్షణానికి "మ్యుసే గుర్తు" అని పేరు పెట్టాడు. ఇప్పటికీ వైద్య విద్యార్థులు ఆ పేరు చదువుకుంటారు, ఆయన కవిత్వం ఒక్క ముక్క చదవకపోయినా.

గొంతు సంగతి ఇంకా విచిత్రం. స్వరపేటికకి వెళ్ళే ఎడమవైపు నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకి వెళ్ళకుండా, ఛాతీలోకి దిగి, అయోర్టా వంపు కిందుగా చుట్టు తిరిగి మళ్ళీ పైకి వస్తుంది. (పరిణామ క్రమంలో మిగిలిపోయిన పాత కోడు అన్నమాట. జిరాఫీకి కూడా అంతే, మెడ పొడుగంతా వెళ్ళి రావాలి.) అయోర్టా వంపు ఉబ్బితే ఆ నరం నలుగుతుంది, గొంతు బొంగురుపోతుంది. మనిషి గొంతు చూపించుకోవడానికి వెళతాడు. గొంతులో ఏముంటుంది చెప్పండి?

1908లో జపాన్‌లో కళ్ళ డాక్టర్ల సభ ఒకటి జరిగింది. అక్కడ మికితో తకయాసు అనే డాక్టరు, ఒక యువతి కంటి వెనక పొరలో తను చూసిన వింతని వివరించాడు. కంటి నరం మొదలు చుట్టూ రక్తనాళాలు పూలదండలా అల్లుకుని ఉన్నాయి. అదే సభలో మరో ఇద్దరు డాక్టర్లు లేచి, తాము కూడా ఇలాంటి కళ్ళే చూశామని, వాళ్ళ రోగులకి మణికట్టు దగ్గర నాడి దొరకలేదని చెప్పారు. కంటికీ చేతి నాడికీ ఏమిటి సంబంధం? రెండూ ఒకే గొట్టం కొమ్మలు కావడమే. అయోర్టా గోడా, దాని కొమ్మల మొదళ్ళూ వాచి ఇరుకైపోయే ఈ జబ్బుకి తకయాసు పేరే పెట్టారు. "నాడి లేని జబ్బు" అని ఇంకో పేరు కూడా ఉంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకి వస్తుంది. జపాన్‌తోబాటు మన దేశంలో కూడా ఇది బాగా తెలిసినదే. ఒక అయోర్టా జబ్బు కళ్ళ డాక్టరు పేరుతో చరిత్రకెక్కింది. ఇంతకంటే తప్పుడు చిరునామా ఇంకేముంటుంది!

ఐన్‌స్టీన్ కడుపునొప్పి

ఐన్‌స్టీన్‌కి ఏళ్ళ తరబడి కడుపునొప్పి ఉండేది. కొన్ని నెలలకోసారి పైకడుపులో నొప్పి, వాంతులు, రెండు మూడు రోజులుండి తగ్గిపోయేది. పిత్తాశయంలో రాళ్ళో, అల్సరో అనిపించే వరస. 1948 డిసెంబరులో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ కడుపు తెరిచి చూశాడు. పిత్తాశయం శుభ్రంగా ఉంది. దాని వెనక అయోర్టా పెద్ద బత్తాయంత ఉబ్బి ఉంది.

అప్పటికి ఆ ఉబ్బుని కోసేసి కొత్త గొట్టం అతికే విద్య రాలేదు. (పారిస్‌లో ద్యుబో మొదటిసారి అది చేసి నెగ్గింది 1951లో.) అందుకని నిస్సెన్ ఆ ఉబ్బు మీద సెల్లోఫేన్ చుట్టాడు. అవును, పొట్లాలకి చుట్టే సెల్లోఫేనే. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ గట్టి మచ్చ కణజాలం పెంచుకుంటుంది, అది గోడకి దన్నుగా నిలబడుతుంది అన్నది లెక్క. మన భాషలో చెప్పాలంటే ప్యాచ్. అసలు లోపం అలాగే ఉంది, కానీ ఆ ప్యాచ్ మీద ఐన్‌స్టీన్ ఆరేళ్ళకి పైగా బతికాడు.

1955 ఏప్రిల్ 13న ప్రిన్స్‌టన్‌లోని ఇంట్లో కుప్పకూలాడు. ఈసారి ఆపరేషను సాధ్యమే. న్యూయార్కు నుంచి పెద్ద సర్జన్ వచ్చాడు. ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు. కృత్రిమంగా ఆయుష్షు పొడిగించుకోవడం తనకి రుచించదని, వెళ్ళాల్సిన వేళ వెళతానని చెప్పాడు. 18వ తేదీ అర్ధరాత్రి దాటాక జర్మన్‌లో ఏవో నాలుగు మాటలు అని కన్నుమూశాడు. పక్కనున్న నర్సుకి జర్మన్ రాదు. ఆ మాటలేమిటో ఎవరికీ తెలియదు. పగిలిన అయోర్టా పిత్తాశయం నొప్పిలా నటించడాన్ని కొందరు డాక్టర్లు తరవాత "ఐన్‌స్టీన్ గుర్తు" అన్నారు. వినేవాడికి రాని భాషలో చెప్పడమనేది ఆ మనిషికే కాదు, ఆ రోగానికీ వర్తిస్తుందనిపించింది నాకు.

న్యూయార్కు నాటకం, జపాన్ వాలీబాల్

ఇవన్నీ పాతకాలం, స్కానులు లేని రోజులు అంటారేమో. 1996కి వద్దాం. జొనాథన్ లార్సన్ అనే 35 ఏళ్ళ రచయిత, సంగీత దర్శకుడు ఏళ్ళ తరబడి కష్టపడి "రెంట్" అనే సంగీత నాటకం తయారు చేశాడు. రిహార్సల్స్ చివరి వారంలో ఛాతీలో నొప్పి వచ్చింది. ఒక ఆస్పత్రికి వెళితే తిన్నది పడలేదన్నారు. నొప్పి తగ్గక రెండు రోజుల తేడాలో ఇంకో ఆస్పత్రికి వెళితే వైరస్ జ్వరమన్నారు. ఎక్స్‌రే, ఇ.సి.జి. రెండూ తీశారు. ఇంటికి పంపేశారు. జనవరి 25న, ఆ నాటకం మొదటిసారి ప్రేక్షకుల ముందుకి రావలసిన రోజు తెల్లవారుజామున, లార్సన్ తన వంటింట్లో చనిపోయి కనిపించాడు. అయోర్టా చీలిక. అదే ఏడాది ఆ నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. బ్రాడ్వేలో 2008 దాకా, పన్నెండేళ్ళు ఆడింది. రాసినవాడు ఒక్క టిక్కెట్టు ఆట కూడా చూడలేదు. న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్య శాఖ విచారణ జరిపి రెండు ఆస్పత్రులకీ జరిమానా వేసింది.

అతనికి మార్ఫాన్ సిండ్రోమ్ ఉండి ఉంటుందని తరవాత అనుకున్నారు. శరీరంలో కణజాలాన్ని పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు ఇది. 1896లో మార్ఫాన్ అనే ఫ్రెంచి పిల్లల డాక్టరు, వేళ్ళు సాలెపురుగు కాళ్ళలా పొడుగ్గా ఉన్న ఒక ఐదేళ్ళ పాపని చూసి మొదట వర్ణించాడు. దీని వెనకున్న జన్యువు 1991లో దొరికింది. మనిషి పొడుగు, చేతులు పొడుగు, కంటి కటకం జారడం, వీటన్నిటి లోపల బలహీనమైన అయోర్టా.

1984 ఒలింపిక్స్‌లో అమెరికాకి వాలీబాల్‌లో రజతం తెచ్చిన జట్టులో ఫ్లో హైమన్ అని ఒకావిడ ఉండేది. ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. ఆ ఎత్తే ఆవిణ్ణి స్టార్‌ని చేసింది. 1986 జనవరి 24న జపాన్‌లో ఆట మధ్యలో, బెంచీ మీద కూర్చుని ఉండగా కూలిపోయింది. 31 ఏళ్ళు. మొదట గుండెపోటు అన్నారు. కుటుంబం నమ్మలేదు, అమెరికాలో శవపరీక్ష చేయించారు. అయోర్టా చిట్లింది, కారణం మార్ఫాన్. అది తెలిశాక ఇంట్లోవాళ్ళకి పరీక్షలు చేస్తే ఆవిడ తమ్ముడి అయోర్టా కూడా ఉబ్బి ఉంది. అతనికి వెంటనే ఆపరేషను చేశారు, బతికాడు. ఆ శవపరీక్ష జరక్కపోతే? రికార్డులో "గుండెపోటు" అని ఒక మాట ఉండేది, ఇంకొన్నాళ్ళకి ఇంకో చావు ఉండేది. కారణం సరిగా రాసిపెట్టడం ఎందుకు ముఖ్యమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

తప్పు డాక్టర్లదేనా?

ఇదంతా చదివితే డాక్టర్ల మీద కోపం రావడం తేలిక. కానీ అవతలి వైపు లెక్క కూడా చూడాలి. అయోర్టా చీలిక ఏడాదికి లక్షమందిలో సుమారు ముగ్గురికి వస్తుంది. అత్యవసర విభాగానికి ఛాతీ నొప్పితో, కడుపునొప్పితో వచ్చేవాళ్ళ సంఖ్యతో పోలిస్తే ఇది గడ్డివాములో సూది. అందరికీ స్కాను తీస్తే ఆస్పత్రి నడవదు. పోనీ, అన్నిటికీ గుండెపోటు వైద్యం చేసేద్దామా అంటే అదీ ప్రమాదమే. గుండెపోటుకి రక్తం గడ్డలు కరిగించే మందు ఇస్తారు. చీలిన అయోర్టాకి అదే మందు పడితే కారేది ఆగదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

2003 సెప్టెంబరు 11న అమెరికన్ టీవీ నటుడు జాన్ రిట్టర్ షూటింగు మధ్యలో అస్వస్థుడైతే గుండెపోటు అనే వైద్యం మొదలుపెట్టారు. అదే రాత్రి చనిపోయాడు. చీలింది అయోర్టా. కుటుంబం కోర్టుకెళ్ళింది. 2008లో జ్యూరీ, ఆ ఇద్దరు డాక్టర్లదీ నిర్లక్ష్యం కాదని తేల్చింది. జవాబు తెలిశాక ప్రశ్న తేలిగ్గానే కనబడుతుంది. బగ్ దొరికాక "ఇంత చిన్నదా!" అనిపించినట్టే.

మరి దారేమిటి? మేం చేసే పనే వాళ్ళూ చేశారు, బగ్ డేటాబేసు పెట్టుకున్నారు. 1996లో కొన్ని దేశాల ఆస్పత్రులు కలిసి అయోర్టా చీలిక కేసులన్నీ ఒకచోట నమోదు చెయ్యడం మొదలుపెట్టాయి. 2000లో 464 మంది రోగుల లెక్కలు అచ్చయ్యాయి. పుస్తకాల్లో "చీల్చేస్తున్నట్టు నొప్పి" అని ఉండేది గానీ, ఎక్కువమంది చెప్పింది "పొడిచినట్టు" అని. సుమారు 85 శాతం మందికి నొప్పి హఠాత్తుగా మొదలైంది. చేతుల్లో, కాళ్ళల్లో నాడి తేడా దొరుకుతుందని అందరూ చదువుకున్నారు, కానీ అది దొరికింది 15 శాతం మందిలోనే. ఇ.సి.జి. 31 శాతం మందిలో మామూలుగా ఉంది. ఎక్స్‌రే 12 శాతం మందిలో శుభ్రంగా ఉంది. 2004లో 977 మంది లెక్క వచ్చింది. అందులో 63 మందికి, అంటే నూటికి ఆరుగురికి పైగా, అసలు నొప్పే లేదు! స్పృహ తప్పడం, పక్షవాతం, ఆయాసం, ఇలా వచ్చారు. నొప్పి ఉన్నవాళ్ళ కంటే ఈ నొప్పిలేనివాళ్ళే ఎక్కువ శాతం చనిపోయారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఎవరికీ అనుమానం రాదు కాబట్టి.

తన జబ్బుని తనే పట్టుకున్న డాక్టరు

చివరగా ఒక మనిషి గురించి చెప్పాలి. హ్యూస్టన్‌కి చెందిన మైకేల్ డెబేకీ. అయోర్టా చీలికకి ఆపరేషను చెయ్యొచ్చని 1950లలో నిరూపించిన జట్టు నాయకుడు. కృత్రిమ గొట్టం తయారు చెయ్యడానికి బట్టల దుకాణానికెళితే నైలాన్ అయిపోయిందట. డాక్రాన్ గుడ్డ కొనుక్కొచ్చి, భార్య కుట్టుమిషను మీద తనే కుట్టాడు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన కుట్టుపని! డాక్రాన్ గొట్టాలు ఇప్పటికీ వాడుతున్నారు.

2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, ఇంట్లో ఒంటరిగా ఒక ప్రసంగం తయారు చేసుకుంటుంటే ఆయనకి ఛాతీలో, వీపులో, మెడలో భయంకరమైన నొప్పి వచ్చింది. గుండెపోటేమో అని ఒక క్షణం అనుకున్నాడు. నొప్పి తీరు చూసి వెంటనే తేల్చుకున్నాడు, అయోర్టా చీలిందని. స్కాను కూడా అదే చెప్పింది. మొదట ఆపరేషను వద్దన్నాడు. తరవాత స్పృహ తప్పే స్థితికొచ్చాక, ఆ వయసులో చెయ్యొచ్చా లేదా అని ఆస్పత్రిలో పెద్ద వాదన జరిగి, చివరికి 2006 ఫిబ్రవరిలో ఆయన శిష్యులే ఆయన కనిపెట్టిన ఆపరేషను ఆయనకి చేశారు. కోలుకున్నాడు, మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. 2008 జులై 11న, నూరేళ్ళకి రెండు నెలలు తక్కువగా చనిపోయాడు.

రెండో జార్జికీ ఐన్‌స్టీన్‌కీ పోయేనాటికి 76. వాళ్ళ కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన డెబేకీ బయటపడ్డాడు. శస్త్రచికిత్స ఎదిగింది, నిజమే. కానీ అన్నిటికంటే ముందు, "ఇది అయోర్టా అయ్యుండొచ్చా?" అన్న ప్రశ్న ఆయన గదిలో ఉంది. లార్సన్‌ని చూసిన గదుల్లో అది లేదు. తేడా అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. సి.టి. స్కాను ఆ ప్రశ్నకి జవాబు చెబుతుంది గానీ, ప్రశ్న తనంతట తను వెయ్యదు.

మన ఇళ్ళల్లో ఛాతీలో నొప్పి అనగానే "గ్యాసులే" అని సోడా పట్టించడం మామూలు. చాలాసార్లు అది గ్యాసే. అందుకే అలవాటైపోయింది. ఈ చరిత్ర చదివాక నాకు గుర్తుండిపోయినవి నాలుగే. మొదటి నిమిషంలోనే పతాక స్థాయిలో మొదలైన నొప్పి. ఛాతీ నుంచి వీపుకో, కడుపుకో జరిగే నొప్పి. నొప్పితోబాటు స్పృహ తప్పడమో, చెయ్యో కాలో మాట వినకపోవడమో. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం. ఇలాంటివి కనబడితే ఆలస్యం చెయ్యకుండా పెద్దాస్పత్రికి పరిగెత్తాలి, ఈ మాటలన్నీ డాక్టరుకి విడమరచి చెప్పాలి. "అయోర్టా కూడా చూస్తారా?" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. దీర్ఘకాలం బీపీ ఉన్నవాళ్ళూ, పొగ తాగేవాళ్ళూ, కుటుంబంలో ఈ జబ్బున్నవాళ్ళూ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. బ్రిటన్‌లో 65 ఏళ్ళొచ్చిన మగవాళ్ళని పిలిచి కడుపుకి ఒకసారి అల్ట్రాసౌండ్ చేసే కార్యక్రమం 2009 నుంచి మొదలైంది. ఐన్‌స్టీన్‌కి ఉన్న ఉబ్బు పది నిమిషాల్లో, కోత లేకుండా కనబడిపోతుంది.

ఇంకో మాట. మన దగ్గర నిద్రలోనో, బాత్రూములోనో పోయినవాళ్ళందరికీ "గుండె ఆగిపోయింది" అని రాసి ముగించేస్తాం. గుండె ఆగిపోవడం అందరికీ జరిగేదే, అది కారణం కాదు. శవపరీక్ష మాట ఎత్తితే మనకి కష్టంగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ హైమన్ తమ్ముడు బతికింది ఆ కష్టమైన నిర్ణయం వల్లే. పోయినవాళ్ళని తిరిగి తేలేం. వాళ్ళ ఒంట్లో ఉన్న చిరునామా మాత్రం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.